గాజుపెట్టెలో దొరసాని

బందరులో ఒక ఇంగ్లీషు యువతి సమాధి చుట్టూ అల్లుకున్న కథ రెండు శతాబ్దాలుగా నోటినోటా నడుస్తోంది. ఆ కథ పక్కనే పడి ఉన్న చరిత్రను పట్టించుకునేవారే కరువయ్యారు.

ఆమె పేరు అరబెల్లా రాబిన్సన్. చనిపోయింది 1809లో. ఆమెను చూసినవాళ్లు సరే, వాళ్లను చూసినవాళ్లు కూడా ఇప్పుడు లేరు. అయినా మచిలీపట్నంలో సెయింట్ మేరీస్ చర్చి పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఆమె కథ అందుకుంటారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన జాన్ పేటర్ అనే దొర ఆమెను ప్రేమించాడు. పెళ్లి ముహూర్తం దాకా రాకుండానే ఆమె జ్వరంతో కన్నుమూసింది. శ్మశానంలో చోటివ్వడానికి మతాధికారి ఒప్పుకోలేదు. దొర పంతం పట్టాడు. సొంతంగా స్థలం కొని, అక్కడే ఆమెను పూడ్చి, ఆ సమాధి ఉన్న చోటే ఒక చర్చి కట్టించాడు.

ఇంతవరకూ ప్రేమకథ. ఇక్కడి నుంచి అది మరో దారి పడుతుంది. శవానికి లేపనాలు పూయించి, పెళ్లిబట్టలు తొడిగించి గాజుమూత ఉన్న పెట్టెలో భద్రపరిచారట. ఏదో మర తిప్పితే నేల కింది నుంచి పెట్టె పైకి లేచేదట. దొర అప్పుడప్పుడూ వచ్చి ఆ మొహం చూసుకుని వెళ్లేవాడట. గాలి తగలడంతో ముఖం నల్లబడిందని, చూసినవాళ్లు జడుసుకున్నారని, దాంతో పెట్టెను శాశ్వతంగా మూసేశారని కొందరంటారు. తెల్లగౌను వేసుకున్న దొరసాని చీకటి పడ్డాక తిరుగుతుందన్నది దీనికి చివరి తోక. అమావాస్య అనేవారు కొందరు, ఆమె చనిపోయిన నవంబరు నెల అనేవారు కొందరు.

ఇందులో చరిత్ర ఎంత? పేటర్ కల్పిత పాత్ర కాదు. మేజర్ జనరల్ హోదాకు ఎదిగిన మద్రాసు సైన్యాధికారి. చర్చి కట్టించింది అతడే. అరబెల్లా పేరు, చనిపోయిన సంవత్సరం నిజం. చోటివ్వకపోవడానికి కారణమేమిటన్న దగ్గరే కథలు చీలిపోతాయి. పెళ్లి కాని జంట కాబట్టి అని ఒక మాట, ఇద్దరివీ వేర్వేరు క్రైస్తవ శాఖలు కాబట్టి అని మరో మాట. గాజుపెట్టె, మర, తెల్లగౌను పూర్తిగా నోటిమాట వ్యవహారం. కానీ ఊరికి గుర్తున్నది మాత్రం అవే. చర్చి కట్టడం గురించి చెప్పమంటే రెండు ముక్కలతో సరిపెట్టేవారు కూడా గాజుపెట్టె గురించి అరగంట చెప్పగలరు.

తెలుగు దయ్యం, తెల్ల దయ్యం

ఇంగ్లీషు యువతి చనిపోయి తెలుగు దయ్యంగా మారడంలో వింతేమీ లేదు. ఈ నేల మీద దయ్యాలకు కొన్ని అర్హతలు ఉన్నాయి. ఆయుష్షు తీరకుండా పోవాలి. కోరిక మిగిలిపోవాలి. కర్మకాండలు సరిగా జరగకూడదు. పెళ్లి కాకుండా చనిపోయిన ఆడపిల్ల కామినీ దయ్యమవుతుందని, చదువు పంచని పండితుడు బ్రహ్మరాక్షసుడవుతాడని, దిక్కులేని చావు చచ్చినవాడు పిశాచమై తిరుగుతాడని పల్లెల్లో చెప్పే మాటలు దీనికి ఉదాహరణలే. అరబెల్లాకు ఈ అర్హతలన్నీ ఉన్నాయి. పెళ్లి ఆగిపోయింది, వయసులోనే పోయింది, శ్మశానంలో చోటు దక్కలేదు. పైగా తెల్లగౌను. ఇంగ్లీషువాళ్లకు అది పెళ్లికూతురి రంగు. తెలుగువాళ్లకు వైధవ్యపు రంగు, శవం మీద కప్పే గుడ్డ రంగు. రెండు సంస్కృతుల భయాలూ ఒకే బట్టలో ఇమిడిపోయాయి.

అకాలంగా చనిపోయిన ఆడవాళ్లందరూ దయ్యాలే కానక్కర్లేదు. కృష్ణాతీరంలోనే పేరంటాళ్ల సంప్రదాయం ఉంది. పెనుగంచిప్రోలులో ఏటా లక్షలాది మంది మొక్కులు చెల్లించే తిరుపతమ్మ మొదట ఒక ఇంటి కోడలే. కష్టాలు పడి, భర్తతో పాటు అగ్నిప్రవేశం చేసి దేవత అయిందని కథ. అంటే ఊరు తనదనుకున్న స్త్రీ అకాల మరణం పాలైతే గుడి కట్టింది. తనది కాదనుకున్న స్త్రీకి దయ్యం కథ కట్టింది. దీపం పెట్టడానికి అరబెల్లాకు ఇక్కడ అత్తింటివారూ లేరు, పుట్టింటివారూ లేరు.

విక్టోరియా మహారాణి ఏలుబడి నాటికి (1837-1901) ఈ కథలకు సీమ నుంచి కొత్త ఎరువు కూడా దొరికింది. 1861లో భర్త ఆల్బర్ట్ చనిపోయాక రాణి 40 ఏళ్ల పాటు నల్లబట్టలు విడవలేదు. చావును ఆడంబరంగా జరుపుకోవడం ఆనాటి ఇంగ్లీషు మధ్యతరగతికి మర్యాదగా మారింది. చలువరాతి దేవదూతలు, విరిగిన స్తంభాలు, గుడ్డ కప్పిన కలశాలు సమాధుల మీదికెక్కాయి. అదే కాలంలో ఆత్మలతో మాట్లాడతామనే బల్లల చుట్టూ పెద్దమనుషులు గుమిగూడేవారు. లాహోరులో పత్రికా ఉద్యోగం చేస్తున్న యువ రడ్యార్డ్ కిప్లింగ్ 1880లలోనే రిక్షాలో తిరిగే దొరసాని దయ్యం మీద కథ రాశాడు. బందరుకు ఎగువన రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం దయ్యాల భయాన్ని, దాని మీద బతికే మంత్రగాళ్లను ఎదిరించింది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. దయ్యం పల్లెటూరి సరుకు, హేతువు సీమ సరుకు అనుకునేవారు ఆ రోజుల్లోకి ఒకసారి తొంగిచూడాలి. రెండు సరుకులూ ఒకే ఓడలో దిగాయి.

పేర్లలో మిగిలిన దొరలు

బందరు పటం చూస్తే ఊరే ఒక పాత లెక్కల పుస్తకంలా కనిపిస్తుంది. హాలెండువాళ్లు ఉన్నచోటు వలందపాలెం. ఫ్రెంచివాళ్లను తెలుగువాళ్లు పరాసులు అన్నారు కాబట్టి వాళ్ల పేట పరాసుపేట. ఇంగ్లీషువాళ్లది ఇంగ్లీషుపాలెం. డచ్చి కంపెనీ 17వ శతాబ్దం తొలి పదేళ్లలోనే ఇక్కడ కోఠీ పెట్టింది. 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ‘గ్లోబ్’ వచ్చింది. కోరమండల్ తీరంలో ఆ కంపెనీ తొలి స్థావరాల్లో ఇదొకటి. మద్రాసు అప్పటికింకా పుట్టనే లేదు. అద్దకం బట్టల కోసం వచ్చినవాళ్లు కోటలు కట్టారు, కొట్టుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ చిత్తడినేలల గుండా సైన్యాన్ని నడిపించి, రాత్రికి రాత్రి బందరుకోటను ఫ్రెంచివారి నుంచి లాక్కున్నాడు. ఉత్తర సర్కారుల భవితవ్యం ఆ రాత్రితో తేలిపోయింది.

వచ్చినవాళ్లలో చాలామంది తిరిగి వెళ్లలేదు. తూర్పు దేశానికి వచ్చిన తెల్లవాడి ఆయుష్షు రెండు వర్షాకాలాలన్నది ఆనాటి నానుడి. కలరా, విరేచనాలు, కాలేయ రోగం, జ్వరాలు. ఎండ దేశం కాబట్టి పొద్దున పోయిన మనిషిని సాయంత్రానికల్లా పూడ్చిపెట్టాల్సిందే. బందరులో డచ్చివారి శ్మశానం ఈ చావుల చిట్టా. వంశచిహ్నాలు, కిరీటాల్లాంటి శిరస్త్రాణాలు, ఆకులు తీగలు చెక్కిన బరువైన రాతిపలకలు. అక్షరాలు పొంగి నిలబడేలా చెక్కిన తీరు చూస్తే మన శిల్పుల చెయ్యి ఎంత పొందికైందో తెలుస్తుంది. పురావస్తు శాఖ అధికారి అలెగ్జాండర్ రే 1897లో ప్రచురించిన పుస్తకంలో మద్రాసు రాజధానిలోని డచ్చి సమాధులను నమోదు చేశాడు. బందరు, పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ జగన్నాథపురం అందులో ఉన్నాయి. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ రాజధానిలో చారిత్రక ప్రాధాన్యం ఉన్న సమాధి శాసనాల జాబితాను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ద్వారా తెచ్చాడు. ఇప్పుడు రాతి మీద అక్షరం చెరిగిపోయిన చోట ఆ పాత పుస్తకాలే దిక్కు.

ఈ రాళ్ల మీద బొమ్మలే కొన్నిచోట్ల దయ్యం కథలకు విత్తనాలు. ప్రళయకావేరి ఒడ్డున పులికాట్‌లో డచ్చి శ్మశానం ముఖద్వారానికి రెండు వైపులా రాతి అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. చేతబడికో, సముద్రపు దొంగలకో గుర్తని చూసినవాళ్లు అనుకోవచ్చు. నిజానికవి ‘నువ్వూ ఒకరోజు పోవాల్సినవాడివే’ అని బతికున్నవాడికి గుర్తుచేసే 17వ శతాబ్దపు యూరపు వేదాంతం. మన తత్వాలు పాడేవాళ్లు చెప్పేది కూడా అదే. వాళ్లు తంబూరాతో చెప్పారు, వీళ్లు ఎముకలతో చెప్పారు.

ఆ ఒక్క రాత్రి

బందరులో దయ్యం కథలకు అన్నిటికన్నా బలమైన కారణం సమాధుల్లో లేదు. అది 1864 నవంబరు 1 రాత్రి సముద్రం మీంచి వచ్చింది. తుపానుతో పాటు లేచిన ఉప్పెన మామూలు పోటు మట్టం కన్నా 13 అడుగుల ఎత్తున కోటను, ఊరిని ముంచెత్తి మైళ్ల దూరం లోపలికి చొచ్చుకుపోయింది. తీరమంతటా కలిపి దాదాపు 30,000 మంది చనిపోయారని అంచనా. మిషనరీ షార్కీ భార్య నడుపుతున్న బాలికల బడిలో పిల్లలు పలువురు నీళ్లపాలయ్యారు. తెల్లవారాక ఊళ్లో మిగిలింది బురద, శవాలు, ఉప్పునీళ్లతో పాడైన బావులు. వెనకాలే రోగాలు వచ్చాయి. మరుసటి ఏడు కోట నుంచి సైన్యాన్ని ఎత్తేశారు. రెండున్నర శతాబ్దాల రేవుపట్నం తిరిగి ఆ స్థాయికి కోలుకోలేదు.

బందరులో ఆంగ్ల విద్యకు పునాది వేసిన రాబర్ట్ నోబుల్ ఆ రాత్రి బతికి బయటపడ్డాడు. 1841లో వచ్చి, 1843లో బడి పెట్టి, ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లకుండా 1865 అక్టోబరులో ఇక్కడే కన్నుమూశాడు. ఆయన పేరుతో కళాశాల ఉంది, జీవితచరిత్ర ఉంది. ఉప్పెనలో పోయిన వేలమంది సంగతి వేరు. సాలెవాళ్లు, పల్లెకారులు, ఉప్పు కొటార్ల కూలీలు, కోటలోని సిపాయిలు. దొరికిన శవాన్ని దొరికినచోట పూడ్చారు. కుల మత భేదాలు చూసే వ్యవధి లేదు. కర్మ చేయడానికి చాలా ఇళ్లలో మనిషే మిగల్లేదు. వారిలో అత్యధికుల పేర్లు ఏ రాతి మీదా లేవు.

తెలుగు నమ్మకం ప్రకారం చూస్తే దయ్యాలవ్వాల్సింది వీళ్లు. దిక్కులేని చావు, కాలని కట్టె, పెట్టని పిండం. అయినా ఊరు కథగా చెప్పుకునేది ఒక్క దొరసాని గురించే. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. కథ అల్లుకోవడానికి ఒక రాయి కావాలి, రాతి మీద ఒక పేరు కావాలి. సామూహిక మరణానికి మొహం ఉండదు. రెండోది, తనవాళ్ల చావును ఊరు కాలక్షేపానికి చెప్పుకోదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన చూసినవారి ఇళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. పోయినవాళ్ల ప్రస్తావన వస్తే కథ మొదలు కాదు, మాట ఆగిపోతుంది. పరాయి శవం మీద మాత్రమే భయాన్ని వినోదంగా మార్చుకోగలం.

గాలి సోకడం

శ్మశానం పక్క నుంచి వెళ్లివచ్చిన మనిషికి జ్వరం తగిలితే తెలుగువాళ్లు ‘గాలి సోకింది’ అంటారు. నవ్వి ఊరుకోవాల్సిన పని లేదు. ఆనాటి యూరపు వైద్యం చెప్పింది కూడా ఇంచుమించు అదే. చిత్తడినేలల నుంచి, కుళ్లుతున్న వస్తువుల నుంచి లేచే విషపుగాలే జ్వరాలకు మూలమని వాళ్లు నమ్మారు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో అర్థమే చెడ్డగాలి. విక్టోరియా కాలంలో లండన్‌లో శ్మశానాలను ఊరి నడుమ నుంచి బయటికి తరలించడానికి ఈ గాలి భయమూ ఒక కారణం. ఆ భయానికి సమాధానం తెలుగునేల మీదే దొరికింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. అరబెల్లాను బలిగొన్నది మలేరియానే అని కథ చెప్పేవాళ్లు అంటారు. అదే నిజమైతే ఆమెను చంపిన చెడ్డగాలికి రెక్కలున్నాయని తెలియడానికి ఇంకో 88 ఏళ్లు పట్టిందన్నమాట.

మిగతా ఆనవాళ్లకూ మామూలు కారణాలే ఉన్నాయి. బందరు చుట్టూ ఉప్పుటేళ్లు, మడ అడవులు, బురదనేలలు. అలాంటి చోట్ల కుళ్లిన ఆకుల నుంచి లేచే వాయువులు మండటం వల్లే కొరివి దయ్యాలు కనిపిస్తాయన్నది ఎప్పటి నుంచో ఉన్న వివరణ. పాడుబడిన గోపురాల్లో, గంటస్తంభాల్లో గూడుకట్టుకునే ఒక జాతి గుడ్లగూబకు మొహం తెల్లగా, హృదయం ఆకారంలో ఉంటుంది. చప్పుడు లేకుండా ఎగురుతుంది, అరిస్తే ఆడమనిషి కేక పెట్టినట్టే ఉంటుంది. తుమ్మల నడుమ, వెన్నెల్లో, ముందే కథ విని వెళ్లినవాడికి ఈ మాత్రం చాలు.

దయ్యాలు కాని దొరలు

పరాయి సమాధి అంటే ఎప్పుడూ భయమే అనుకుంటే పొరపాటు. సీమ జిల్లాల్లో సర్ థామస్ మన్రో ఉదంతం చూడాలి. మద్రాసు గవర్నరుగా చివరి పర్యటనలో ఉన్న మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. శవాన్ని గుత్తికి తెచ్చి కోట కిందున్న ఇంగ్లీషు శ్మశానంలో పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. ఆ చావుకు జనం ఇచ్చిన కారణం కలరా కాదు. కడప జిల్లాలో పాపఘ్ని నది కొండల్ని చీల్చుకువచ్చే గండి దగ్గర రాముడి కోసం వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం ఉందని, అది పుణ్యాత్ములకే, అదీ చావు దగ్గరపడ్డాకే కనిపిస్తుందని నమ్మకం. మన్రోకు కనిపించిందట. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం నుంచి మన్రోతో మాట్లాడారన్న కథ ఇంకా ప్రసిద్ధం. పన్ను తగ్గించమని వాదించిన కలెక్టరును రైతులు మాండవ ఋషి అన్నారు. అలాంటి మనిషికి దయ్యం కథ అతకదు.

హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్‌ది మరో రకం. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయాడు. హిందువులకు మూసారామ్, ముస్లిములకు మూసారహీం అయ్యాడు. అస్మాన్‌గఢ్ గుట్ట మీద అతడి సమాధి దగ్గర దశాబ్దాల పాటు ఏటా ఉర్సు జరిగింది. మూసారాంబాగ్ అన్న పేరు అక్కడి నుంచే. ఇప్పుడది మెట్రో స్టేషన్ పేరు కూడా. రోజూ ఆ మాట వినే ప్రయాణికుల్లో ఎందరికి అది ఒక పరాసు పేరని తెలుసన్నది వేరే ప్రశ్న. ఇక తిరునల్వేలి వైపు 1809లో యుద్ధంలో చనిపోయిన కెప్టెన్ పోల్ అనే దొర సమాధికి జనం సారా, చుట్టలు నైవేద్యం పెట్టేవారని బిషప్ కాల్డ్‌వెల్ నమోదు చేశాడు. అరబెల్లా చనిపోయిన ఏడే అది. బతికుండగా ఏది ఇష్టమో చచ్చాక కూడా అదే పెట్టాలన్నది మన గ్రామదేవతల లెక్క. దొరకైనా అదే లెక్క.

మూడు ఉదంతాల్లో తేడా ఒక్కటే. ఊరితో లావాదేవీ ఉన్నవాడు దేవుడో ఋషో అయ్యాడు. కోపిష్టి సైనికుడు శాంతి చేయాల్సిన పిశాచమయ్యాడు. ఎవరితోనూ ఏ సంబంధం లేని యువతి నీడగా మిగిలింది. దయ్యం కథలు చచ్చినవాళ్ల గురించి చెప్పేదానికన్నా బతికున్నవాళ్ల సంబంధాల గురించే ఎక్కువ చెబుతాయి.

లండన్ నేర్చుకున్న పాఠం

దయ్యం కథ శ్మశానాన్ని పాడు చేయగలదు, బాగూ చేయగలదు. దీనికి ఉదాహరణ లండన్‌లోని హైగేట్. 1839లో ఒక ప్రైవేటు కంపెనీ తెరిచిన ఈ శ్మశానం విక్టోరియా కాలపు వైభవానికి పరాకాష్ఠ. కారల్ మార్క్స్, నవలాకారిణి జార్జ్ ఎలియట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఇక్కడే ఉన్నారు. 20వ శతాబ్దంలో కంపెనీ ఆదాయం పడిపోయింది. చెట్లు మొలిచాయి, సమాధులు పగిలాయి. అక్కడ రక్తపిశాచి తిరుగుతోందన్న పుకారు 1970లో పత్రికలకు, టీవీకి ఎక్కింది. మార్చి 13, శుక్రవారం రాత్రి టీవీ కార్యక్రమం అయిన కొద్దిసేపటికే జనం గోడలు దూకి పిశాచి వేటకు దిగారు. తర్వాతి ఏళ్లలో సమాధులు బద్దలు కొట్టారు, శవాలను బయటికి లాగారు. వేటగాళ్లలో ఒకరికి 1974లో జైలుశిక్ష పడింది.

1975లో స్థానికులు శ్మశాన మిత్రుల సంఘం పెట్టుకున్నారు. పొదలు నరికారు, అక్షరాలు చదివి రాసుకున్నారు, సందర్శకులకు టికెట్టు పెట్టారు. ఆ డబ్బే మరమ్మతులకు ఆధారమైంది. పిశాచి కోసం వచ్చినవారికి కూడా రాతిపనిని, చెట్లను, చరిత్రను చూపించి పంపడం వాళ్ల పద్ధతి. కోల్‌కతాలో 1767లో మొదలైన సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానానికీ ఇలాంటి పునర్జన్మే దక్కింది. సత్యజిత్ రాయ్ తన డిటెక్టివ్ ఫెలూదాను అక్కడికి పంపి నవల రాశాక బెంగాలీ పిల్లలకు అది భయపడాల్సిన చోటుగా కన్నా చూసి తీరాల్సిన చోటుగా మారింది.

ఎవరి శవాలు, ఎవరి బాధ్యత

ఆంధ్ర తీరంలో అలాంటి మిత్రుల సంఘాలు అరుదు. చట్టపరంగా చూస్తే పరిస్థితి రెండు ముక్కలు. బందరు డచ్చి శ్మశానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. విక్టోరియా కాలపు ఇంగ్లీషు సమాధుల్లో ఎక్కువ భాగానికి ఈ గొడుగు లేదు. 1958 చట్టం కోరే వందేళ్ల వయసు అన్నిటికీ ఉంది. కానీ వయసు ఉన్నంత మాత్రాన జాబితాకెక్కవు.

సీమ ప్రభుత్వం కూడా వీటిని ఎప్పుడో వదిలేసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక, వాడుకలో లేని శ్మశానాలను ప్రకృతికే అప్పగించాలన్నది బ్రిటిష్ విధానం. యుద్ధాల్లో చనిపోయిన సైనికుల సమాధులకు కామన్వెల్త్ కమిషన్ ఉంది. గుమాస్తాలకు, ఇంజనీర్లకు, వాళ్ల పసిపిల్లలకు ఎవరూ లేరు. కాన్పూరులో పుట్టిన థియాన్ విల్కిన్సన్ 1976లో దక్షిణాసియా శ్మశానాల కోసం లండన్‌లో ఒక స్వచ్ఛంద సంఘం పెట్టాడు. శాసనాలు నమోదు చేయడం, స్థానికులు ముందుకొస్తే మరమ్మతులకు కొంత సాయం చేయడం దాని పని. స్థానికులు ముందుకు రావడమన్నదే అసలు షరతు.

ఇక్కడే దయ్యం కథ రెండంచుల కత్తిలా పనిచేస్తుంది. రాత్రిళ్లు ఎవరూ రాకపోవడం వల్ల కొన్ని చోట్ల రాళ్లు బతికిపోయాయి. ఎవరూ రాకపోవడం వల్లే గుప్తనిధుల వేటగాళ్లకు, పేకాటరాయుళ్లకు, రాతిపలకను రోలుబండకో మెట్టుకో మోసుకుపోయేవాళ్లకు అడ్డు లేకుండా పోయింది. దొరలు బంగారంతో పూడ్చుకుంటారన్న భ్రమ దీనికి తోడు. నిజానికి కంపెనీ నౌకరు చచ్చిపోతే అతడి సామాను వేలం వేసి బాకీలు తీర్చడం ఆనాటి రివాజు. సమాధిలో మిగిలేది ఎముకలే. శ్మశానంలోకి చొరబడి మృతులను అవమానించడం 1860 నాటి శిక్షాస్మృతిలోనే నేరం. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షన్‌లోనూ అంతే, ఏడాది దాకా జైలు. దొరికిన నిధిని దాచడం 1878 చట్టం ప్రకారం శిక్షార్హం. విక్టోరియా కాలపు మృతులకు విక్టోరియా కాలపు చట్టాలే ఇప్పటికీ కాపలా. కాపలావాడే లేడు.

సమయం ఎక్కువ లేదు. 2023 మేలో బందరు పోర్టు పనులు మొదలయ్యాయి. రేవు వస్తే రోడ్లు వస్తాయి, భూమి ధర వస్తుంది. పాడుబడిన స్థలానికి, దయ్యాల స్థలానికి ధర పలకడం మొదలైన రోజున దయ్యం పారిపోతుందని ప్రతి ఊరికీ అనుభవమే.

చూసేవాళ్లు ఏం చూడాలి

విజయవాడ నుంచి బందరుకు 65వ నంబరు జాతీయ రహదారి మీద 70 కిలోమీటర్లు. రైలూ ఉంది. మంగినపూడి బీచికి, పెడన కలంకారీకి వచ్చేవాళ్లు ఒక పూట కేటాయిస్తే చర్చి, డచ్చి శ్మశానం, బందరుకోట శిథిలాలు మూడూ చూడొచ్చు. చర్చి ప్రార్థనా స్థలం కాబట్టి అడిగి లోపలికి వెళ్లాలి. సమాధుల దగ్గరికి పొద్దుటిపూట వెళ్లడమే మేలు. దయ్యాల కోసం కాదు, ఏటవాలు ఎండలోనే చెరిగిన అక్షరం చదవడానికి వీలవుతుంది. అక్షరం మీద సుద్ద రుద్దకూడదు, యాసిడ్ పోసి కడగకూడదు, పలక మీద కూర్చోకూడదు. ముళ్లపొదల్లో పాములు ఉంటాయి. అవి మాత్రం నిజం.

అక్కడ గమనించాల్సింది వయసు. 20, 26, 31. పక్కనే నెలల పిల్లలు. ఒకే కుటుంబంలో ఒకే వారంలో ఇద్దరు ముగ్గురు పోయారంటే ఆ ఏడు ఊళ్లో కలరా వచ్చిందన్నమాట. అదే వారం పాలెంలో, పేటలో ఎంతమంది పోయారో చెప్పే రాయి లేదు. దొరల రాళ్లు దొరల కథే చెప్పినా, వాటి మీది తేదీలు మాత్రం ఊరందరివీ. తాలూకా కచేరీల్లో చావుల లెక్క సరిగా రాయని కాలానికి ఈ పలకలే వ్యాధుల క్యాలెండరు.

అందుకే ఈ పని కళాశాలల చరిత్ర శాఖలు చేపట్టగలిగిన పని. ఒక్కో పలకనూ ఫోటో తీసి, కాటన్ 1905 జాబితాతో సరిచూసి, ఏది మిగిలిందో ఏది పోయిందో రాసిపెట్టడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. దాంతో పాటు ఇంకొకటి రాసుకోవాలి. 1864 ఉప్పెన గురించి తీరగ్రామాల ఇళ్లలో తాతముత్తాతల నుంచి మిగిలిన మాటలు. పోయినవారి ఇంటిపేర్లు, ఆనాటి నీటిమట్టపు గుర్తులు, ఒక్క మనిషే మిగిలిన వంశాల సంగతులు. అరబెల్లాకు కనీసం ఒక చర్చి, ఒక కథ ఉన్నాయి. ఆ 30,000 మందికి ఏదైనా మిగలాలంటే అది ఇప్పుడు బతికున్నవాళ్లు కాగితం మీద పెట్టాల్సిందే.